ముగ్గుపిండి బాణాలు

మా వదిన కూతురు ఇంగ్లండులో నర్సు. సెలవు రోజున పొద్దున్నే పరుగుకి వెళ్తుంది. ఫోను చేత్తో పట్టుకుని దారంతా వీడియో తీసి మాకు పంపుతుంది. పచ్చిక బయళ్లు, రాళ్లు పేర్చి కట్టిన గోడలు, గొర్రెలు. అక్కడి గొర్రెలు కూడా తీరుబడిగా ఉంటాయి. మనిషి పరిగెత్తుకుంటూ వస్తే తలెత్తి ఒకసారి చూసి మళ్లీ మేతలో పడతాయి. కంచె అడ్డం వచ్చినచోట ఎక్కి దిగడానికి చిన్న చెక్కమెట్లు ఉంటాయి. ఎవరి పొలమైనా సరే, పాతకాలం నుంచి జనం నడిచిన బాట అయితే ఎవరూ ఆపకూడదట. దారి చీలిన ప్రతి చోటా ఒక గుంజ, ఆ గుంజ మీద పసుపురంగు బాణం.

"చూశావా అత్తయ్యా, ఇక్కడ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. బాణం చూసుకుంటూ పోవడమే" అంటుంది రొప్పుతూ.

ఆ వీడియోలు చూసి సంతోషిస్తాను. ఆ పిల్లని అంత చల్లగా చూస్తున్నందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. ఆ తర్వాత, మా దారులు మాత్రం ఏం తక్కువ అనుకుంటాను.

నా చదువంతా ఈ కాలువ కట్టల మీదే సాగింది. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడి ఉన్న ఊరు కాలువకి అవతల. వంతెన దాకా నడిచేసరికే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇక బడి వద్దని అమ్మ ఇంట్లోనే పలక పట్టించింది. నాన్న చుట్టుపక్కల ఊళ్ల సంఘాలకి ఉపదేశకుడు. పాస్టరుగారు నెలకోసారి వస్తే, మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేదీ, జబ్బుపడ్డవాళ్లని పలకరించేదీ, పిల్లలకి పాటలు నేర్పేదీ ఆయనే. అన్నిటికీ ఒక్క సైకిలు. కాలువగాలి పిల్లకి మంచిదని డాక్టరుగారు అన్నారని నన్ను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకునేవారు. తాటిచెట్టుకొక ఎక్కం. లాకుల దగ్గర దిగి నీళ్లు తాగాక ఒక కీర్తన అప్పజెప్పాలి. తప్పులొస్తే వచ్చే లాకుల దాకా అదే కీర్తన. పుస్తకాల్లో భూగోళం నాకు అంతగా అబ్బలేదు గానీ, ఏ కట్ట ఎక్కడ తెగుతుందో, ఏ తూము మీంచి అవతలికి దాటొచ్చో తెనాలి నుంచి బాపట్ల దాకా, ఇటు రేపల్లె దాకా కళ్లు మూసుకుని చెప్పగలను.

పరుగు మాత్రం నలభై దాటాక వచ్చింది. తెనాలిలో పొద్దున్నే కాలువ పక్కన నడిచేదాన్ని. ఒకరోజు మంచులోంచి ఒక కుక్క వచ్చి వెంటపడింది. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు లంకించుకున్నాను. కొంతదూరం వచ్చాక కుక్క ఆగిపోయింది. నేను ఆగలేదు. అరటితోటల దాకా వెళ్లాక గానీ నాకు తట్టలేదు, ఛాతీలో పిల్లి కూయడం లేదని. అక్కడే గట్టు మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. కుక్క కోసం కూడా చేశాను.

మా ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు. ఇంటికొచ్చి చెబితే నింపాదిగా విని, "ఆ కుక్కకి ఫీజు ఏమైనా ఇవ్వాలా?" అన్నారు. మర్నాడు బూట్లు కొనిపెట్టారు.

ఆడమనిషి రోడ్డు మీద పరిగెడుతుంటే మా వైపు జనం చూస్తూ ఊరుకోలేరు. ఎగతాళి చేస్తారని కాదు, జాలిపడతారు. ఆటోలు పక్కకొచ్చి నెమ్మదిస్తాయి. "ఎక్కండమ్మా, రైలుకేగా, అందిస్తాను" అంటారు. ఒకావిడ గేదెని పట్టుకుని నాతోపాటు నాలుగడుగులు పరిగెత్తి, "ఎవరికి ఎలా ఉందమ్మా?" అని అడిగింది. ఒకసారి పొన్నూరు రోడ్డు మీద వెళ్తుంటే నన్ను దాటిన బస్సు కాస్త ముందుకెళ్లి ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టి చూస్తున్నాడు.

"రండమ్మా, కంగారేం లేదు. మీ కోసమే ఆపాం."

"నేను బస్సు కోసం కాదండి."

"మరి దేనికండి?"

"ఊరికేనండి."

"ఊరికే ఎవరు పరిగెడతారమ్మా? ఎక్కండి, టైమైపోతోంది."

లోపల్నుంచి ఎవరో, "పాపం ఎంత దూరం నుంచి వస్తోందో, ఆవిణ్ణి ముందు కూర్చోనివ్వండి" అన్నారు. కిటికీ పక్క సీటు కూడా ఖాళీ చేశారు. అంత మర్యాద చేశాక ఎక్కకుండా ఎలా ఉంటాను? ఎక్కి, వచ్చే స్టాపులో దిగి, వెనక్కి పరిగెత్తుకుంటూ వచ్చాను. ఆ రోజు పరుగు రెండింతలైంది.

మా సంఘంలో ఒక పెద్దాయన మాత్రం ఆరాధన అయ్యాక నన్ను ఆపి, "ఆడవాళ్లు పరుగులేంటమ్మా?" అన్నారు. పక్కనే ఉన్న పాస్టరమ్మగారు, "ఈస్టరు పొద్దున ఖాళీ సమాధి దగ్గర్నుంచి ముందు పరిగెత్తింది ఆడవాళ్లు కాదాండి, అన్నయ్యగారూ?" అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, "అది వేరమ్మా" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత మా స్త్రీల సమాజంలో నలుగురు నాతో రావడం మొదలుపెట్టారు. తెనాలిలో పొద్దున్నే పరిగెత్తే మగవాళ్ల జట్టు ఒకటుంది. రిటైరైన బ్యాంకు మేనేజరుగారు దాని పెద్ద. వాళ్లూ మేమూ కాలువ దగ్గర ఎదురుపడితే వందనాలు చెప్పుకునేవాళ్లం.

ఇప్పుడు మా వదిన సంగతి చెప్పాలి. మా ఆయనకి అక్క. రేపల్లెలో కొడుకూ కోడలూ మనవరాలితో ఉంటుంది. అంగన్‌వాడీ టీచరుగా చేసి మానేసింది. ఊళ్లో సగం మంది పిల్లలు ఆవిడ చేత అన్నం తిన్నవాళ్లే. రెండేళ్ల కిందట స్టేషను దగ్గర షుగరు పడిపోయి, కళ్లు తిరిగి రోడ్డు మీద పడిపోయింది. ఎవరో ఇంటికి చేర్చారు. అప్పట్నుంచి కొడుకు తల్లిని గుమ్మం దాటనివ్వలేదు. మంచివాడు, ప్రేమకొద్దీ చేసిన పనే. చర్చికి బండి మీద తీసుకెళ్లి, బండి మీద తీసుకొచ్చేవాడు. కూరగాయలు గుమ్మంలోకే. చుట్టాల ఇళ్లకి కారులోనే. మెల్లమెల్లగా ఆవిడకే నమ్మకం పోయింది. వీధి చివర కొట్టుకి వెళ్లమన్నా, "అమ్మో, మళ్లీ పడితే" అనేది. ఒకప్పుడు వీధంతా నోటితో ఏలిన మనిషి, ఎవరైనా వస్తే లోపలిగదిలోకి వెళ్లిపోయేది. ఇంగ్లండు నుంచి కూతురు తెల్ల బూట్లు పంపింది. పెట్టె పెట్టెలాగే బీరువా మీద ఉండిపోయింది.

నేను రేపల్లె వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల పంపిన వీడియోలు ఇద్దరం కూర్చుని చూసేవాళ్లం. ఒకరోజు వదిన చూసి చూసి, "ఆ గొర్రెలకున్నపాటి స్వేచ్ఛ నాకు లేదు మరదలా" అంది.

లోపల్నుంచి కొడుకు, "ఆ గొర్రెలకి షుగరు లేదమ్మా" అన్నాడు.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను లేచి బీరువా మీది పెట్టె దించాను.

అలా మొదలైంది. నేను వెళ్లినప్పుడు ఇద్దరం ఏటికట్ట వైపు వెళ్లేవాళ్లం. పరుగంటే వదినది గట్టి నడకే, సరదా పుట్టినప్పుడు కాస్త పరుగు. వెనకాల కొడుకు బండి మీద, నడకంత వేగంతో. బండి చప్పుడు వినపడినంతసేపూ వదిన వెనక్కి వెనక్కి చూసుకునేది. "వాడు లేకుండా ఒక్కసారి, నా కాళ్ల మీద నేను సముద్రం దాకా వెళ్లాలని ఉంది" అంది ఒకరోజు. చిన్నప్పుడు బాపట్లలో ఉండగా వాళ్ల నాన్నతో సూర్యలంక నడిచి వెళ్లేదట.

దేవుడు వింటాడు. క్రిస్మస్ ముందు మేనేజరుగారు నా దగ్గరికొచ్చి, "అమ్మా, పండగ వెళ్లాక మీ ఆడవాళ్లూ మేమూ కలిసి ఒక పరుగు పెట్టుకుందాం. సముద్రం దాకా. తారు రోడ్డు కాకుండా, కట్టల మీంచి, ఊళ్లలోంచి. దారి మీరే వేయాలి. ఫోనులో మ్యాపు ఆ కట్టల్ని చూపించడం లేదు" అన్నారు. బడి గడప తొక్కనిదాన్ని, ఒక పని నాకు అప్పగించడం అదే మొదలు. వదినని కూడా తీసుకొస్తానన్నాను.

వదిన కొడుకు రెండు రోజులు ఆలోచించాడు. చివరికి, "సరే అత్తయ్యా. నేను రాను, అమ్మ కోరినట్టే. తొమ్మిదింటికి ఫోను చేస్తాను. కానీ ఈ ఒక్కసారే చూస్తాను. అమ్మ తప్పిపోయినా, కళ్లు తిరిగి పడినా, ఇక ఆ బూట్లు బయటికి రావు. మీరు కూడా అడగొద్దు" అన్నాడు. వదిన తలుపు పక్కన నిలబడి వింటోంది. నేను ఒప్పుకున్నాను.

దారి నాకు తెలుసు. నాన్న సైకిలు తిరిగిన దారే. బాపట్ల దాటాక కాలువ కట్ట ఎక్కి, మినుముచేల పక్కనుంచి ఒక ఊరు దాటి, సరుగుడు తోటల్లోంచి ఇసుకలో దిగితే సముద్రం. అందరికీ తెలిసేదెలా? ఇంగ్లండు బాణాలు గుర్తొచ్చాయి. గుంజలు పాతలేం గదా. సున్నం అయితే అంటుకుపోతుంది. ముగ్గుపిండి అయితే సులువు, తెల్లగా కనపడుతుంది.

సైకిలు మీద ముగ్గుపిండి అమ్మే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ముగ్గేస్తారా అమ్మా? చర్చి గ్రౌండులో కబడ్డీ గీతలకా?"

"దారి గుర్తులకండి."

"ఎన్ని శేర్లు?"

"సముద్రం దాకా వేయాలి."

ఆయన సంచి నింపేశాడు.

ముందురోజు సాయంత్రం మా ఆయన స్కూటరు నడుపుతుంటే వెనక కూర్చుని, దారి చీలిన ప్రతిచోటా దిగి బాణం వేశాను. కట్ట దిగేచోట ఒకటి. ఊళ్లో వీధి మలుపు తిరిగిన ప్రతిచోటా ఒకటి. మా ఆయన ప్రతి బాణం కోణం సరిచూసి, "కొంచెం ఎడమకి" అనేవారు. పని అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే సాయంత్రపు ఎండలో తెల్లగా, వరసగా, ఎంత బాగున్నాయో. ఇంగ్లండు వాళ్లకి కూడా ఇంత పెద్ద బాణాలు లేవనుకున్నాను. ఆ రాత్రి బాపట్లలో మా చుట్టాలింట్లో హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి మసక వెలుతురులో కాలువ దగ్గర కలుసుకున్నాం. చిన్న ప్రార్థన చేసుకున్నాం. వదిన నీలం చుడీదారు, తెల్ల బూట్లు. బూట్లు ఎంత తెల్లగా ఉన్నాయంటే మంచులో ముందు అవే కనపడుతున్నాయి. వదిన ఫోనూ, షుగరు పడితే తినడానికి బెల్లమూ, బిస్కట్లూ నా సంచిలో పెట్టుకున్నాను. మేనేజరుగారి జట్టు ముందుకి సాగిపోయింది, ఆడవాళ్లం వెనక. నేను చివరన, వదిన పక్కన. మా ఆయన ఇడ్లీలు క్యారేజీలో పెట్టించుకుని, స్కూటరు మీద రోడ్డున తొమ్మిదింటికి సముద్రం దగ్గరికి వస్తానన్నారు.

మంచు విడుతోంది. కుప్పలు వేసిన చేలల్లో మినుము మొలకలు పచ్చగా. కొంగలు మాకంటే ముందే లేచి పనిలో ఉన్నాయి. వదిన మొదట నా చెయ్యి పట్టుకునే నడిచింది. కాలువ లాకులు దాటాక వదిలేసింది. నేనూ చూడనట్టే ఉన్నాను. లోపల మాత్రం అడుగడుక్కీ వందనాలు చెప్పుకుంటూనే ఉన్నాను.

కట్ట దిగేముందు మా స్త్రీల సమాజంలో పాటలు ఎత్తే ఆవిడకి తుమ్మముల్లు దిగింది. చెప్పుల్లోంచి దూరి పాదంలోకి వెళ్లింది. కూర్చోబెట్టి తీయాల్సి వచ్చింది. వదిన కాసేపు నిలబడి చూసింది.

"మీరు కానివ్వండి. బాణాలున్నాయిగా, నేను పోతుంటాను" అంది.

"ఆగు వదినా, ఒక్క నిమిషం."

"ఆగితే కాళ్లు బిగుసుకుంటాయి మరదలా. నీ బాణాల మీద నాకు నమ్మకముంది."

తెల్ల బూట్లు కట్ట దిగి మలుపు తిరిగాయి. ముల్లు ఒక పట్టాన రాలేదు. వచ్చాక ఆవిడ నెమ్మదిగా నడుస్తానంది, మిగతా ఆడవాళ్లు తోడుండిపోయారు. నేను సంచి సర్దుకుని పరుగెత్తి ఊళ్లోకి అడుగుపెట్టాను.

ఒక్క బాణం లేదు.

వీధి మొత్తం కడిగిన పళ్లెంలా ఉంది. పేడనీళ్ల తడి, చీపురు గీతలు, ప్రతి గుమ్మం ముందూ రథాలు, పద్మాలు, తీగలు. ధనుర్మాసం. తెల్లారకముందే ఊరి ఆడవాళ్లందరూ లేచి కళ్లాపి చల్లి వీధికి వీధి ముగ్గులతో నింపేసే నెల. మా ఇంట్లో గుమ్మం ఊడ్చి నీళ్లు చల్లుతాం, క్రిస్మస్ నక్షత్రం కడతాం, ముగ్గు వేయం. పుట్టిన దగ్గర్నుంచి చుట్టూ చూస్తున్నదే, అయినా ముగ్గుపిండి చేత్తో పట్టుకున్నప్పుడు ఆ సంగతే తట్టలేదు. లెక్కల మాస్టారికీ తట్టలేదు.

సంచిలో బెల్లం ఉంది. ఫోను ఉంది. వదిన లేదు. తొమ్మిది కావడానికి ఎంతో సేపు లేదు. నాకు చాలా ఏళ్ల తర్వాత ఛాతీలో పిల్లి కూసినట్టనిపించింది.

మొదటి ఇంటి అరుగు మీద ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు. "ఏంటమ్మా, నేల మీద వెతుకుతున్నావు?"

"ఇక్కడ బాణం గుర్తు వేశానండి మామ్మగారూ, నిన్న."

"ఓహో, ఆ గీతలు నీవా? ఎవరో గిట్టనివాళ్లు ఏదో చేసిపోయారని మా కోడలు రెండు బిందెల పేడనీళ్లు కొట్టింది. నిమ్మకాయ కూడా పెట్టారేమోనని వీధంతా వెతికాం."

"అయ్యో, లేదండి. పరుగు కోసమండి. ఇటుగా ఒక పెద్దావిడ వచ్చారాండి? తెల్ల బూట్లు..."

"బూట్లావిడా? వచ్చింది. వెనకాల మా మరదలు వస్తుంది, భుజాన సంచి ఉంటుంది, ఏడుపుమొహం వేసుకుని ఉంటుంది, ఇటు పంపండి అని చెప్పింది. ఇటే వెళ్లు."

నేను మొహం తుడుచుకుని అటు పరిగెత్తాను.

వీధి మూడుగా చీలే చోట ఒక కాలేజీ అమ్మాయి చేతులు కడుక్కుంటోంది. ఎదురుగా పెద్ద ముగ్గు. దాని మధ్య పద్మం, పద్మానికి నాలుగు వైపులా నాలుగు బాణాలు. అందులో ఒకటి నాది.

"బాగుందా ఆంటీ? నిన్న ఎవరో ఒక్కటే వేసి పోయారు. వెలితిగా ఉందని మిగతా మూడూ నేనే వేశాను."

"చాలా బాగుందమ్మా. ఇటు ఎవరైనా వచ్చారా?"

"సార్లు వచ్చారు ఆంటీ. ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగారు. ఇటని ఒకరు, అటని ఒకరు పోట్లాడుకున్నారు. చివరికి వాళ్లలో వాచీ పెట్టుకున్న తాతగారు చెప్పారని అటు వెళ్లారు." అటు రొయ్యల చెరువులు తప్ప ఇంకేమీ లేవు.

"నువ్వు చెప్పలేదా?"

"వాళ్లు అడగలేదుగా. తర్వాత బూట్లావిడ వచ్చింది. ముగ్గు బాగుందని మెచ్చుకుని, సముద్రం ఎటమ్మా అని అడిగింది. చూపించాను. మీరు ఏడుపుమొహం ఆంటీయేగా?"

ఊరి చివరి ఇంటి దగ్గర నన్ను అడగనివ్వకుండానే ఒకావిడ ఎదురొచ్చింది. "మీ వదినగారు బాగానే ఉన్నారండి, కంగారుపడకండి." అంటే కంగారుపడేది ఏదో జరిగిందన్నమాట.

"ఇదిగో, ఈ అరుగు మీదే కూర్చున్నారండి. 'నేను షుగరు మనిషిని తల్లీ, కాస్త చెమటలు పడుతున్నాయి, బెల్లం ముక్క ఉంటే పెట్టు' అన్నారు. బెల్లం పెట్టి, రెండు ఉండ్రాళ్లు కూడా పెట్టానండి. గుళ్లోవి కాదండి, ఇంట్లో చేసినవేనని చెప్పాకే తిన్నారు. ఆ సంగతి మాకు తెలుసు లెండి, మా పక్కింటివాళ్లూ మీవాళ్లే. అరగంట కూర్చోమంటే పది నిమిషాలు కూర్చున్నారు. మాట్లాడుతూనే ఉన్నారండి. మీ గురించి కూడా చెప్పారు."

"ఏం చెప్పిందండి?"

"చిన్నప్పుడు వంతెన దాకా నడవలేని పిల్లటండి, ఇప్పుడు దాన్ని అందుకోవడం నా వల్ల కావడం లేదు అన్నారు."

ఆవిడ చేతులు పట్టుకుని వందనాలు చెప్పాను. "మీ ఇల్లు చల్లగా ఉండాలండి" అన్నాను. "మంచినీళ్లు తాగి వెళ్లండి, మీకూ చెమటలు పడుతున్నాయి" అందావిడ.

సరుగుడు తోటల్లో గుర్తులు అక్కర్లేకపోయింది. ఇసుక బాటలో చెప్పులు లేని పాదాల మధ్య గీతలు గీతలుగా ఒక బూటు అచ్చు. కొంతదూరం దగ్గర దగ్గరగా అడుగులు. ఆ తర్వాత ఎడంగా. అంటే పరిగెత్తింది. ఎవరూ వెనక లేకుండా, ఎవరూ చూడకుండా, సరదాకి. ఆ అచ్చుల పక్కన నా అడుగులు వేసుకుంటూ వెళ్లాను.

వదిన ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చుని ఉంది. బూట్లు ఒళ్లో, కాళ్లు తడి ఇసుకలో. పక్కన చేపల గంపతో ఒకావిడ. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. అప్పటికి మా వాళ్లు ఒక్కరూ రాలేదు.

"ఏం మరదలా, దారి తప్పావా?" అంది వదిన.

నేను ఆవిడ పక్కన కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఇంతలో సంచిలో ఫోను మోగింది. వదిన కొడుకు. ఏం చెప్పాలో నేను కూడబలుక్కునేలోగా వదిన ఫోను లాక్కుంది.

"ఊఁ. చేరాను. నేనే ముందు చేరాను." కాసేపు విన్నది. "అబద్ధమెందుకు చెబుతానురా? తప్పిపోయాను. మీ అత్తయ్య బాణాలు ఊరంతా కలిసి కడిగేశారు. చెమటలు కూడా పట్టాయి. పడలేదు. ముందే తెలిసింది, కూర్చున్నాను, బెల్లం అడిగి తిన్నాను. తగ్గాకే లేచాను."

"ఎవర్ని అడిగావమ్మా?" అని అవతల కొడుకు అనడం నాక్కూడా వినపడింది.

"కనపడ్డవాళ్లనందర్నీ."

నేను కళ్లు మూసుకున్నాను. మనసులో మాటలు కూడా రాలేదు, ప్రభువా, ప్రభువా అనడం తప్ప.

"సరే అయితే" అన్నాడు ఆ అబ్బాయి. "వచ్చేటప్పుడు చేపలు తెస్తావా?"

వదిన ఫోను పక్కన పెట్టి, గంపావిడ వైపు తిరిగి బేరం మొదలుపెట్టింది. పాత గొంతు. రేపల్లె వీధిని ఏలిన గొంతు. గంపావిడ పాపం రెండు మాటల్లోనే లొంగిపోయింది.

మా ఆయన ఇడ్లీల క్యారేజీతో వచ్చారు. ముల్లు గుచ్చుకున్నావిడా, తోడున్నవాళ్లూ ఆటోలో దిగారు. చాలాసేపటికి మేనేజరుగారి జట్టు వచ్చింది. మోకాళ్ల దాకా రొయ్యల చెరువు బురద. ఆయన నా ముందు నిలబడి, "మీ బాణాలు బాగానే ఉన్నాయమ్మా. నాలుగు దిక్కులూ చూపించాయి" అన్నారు. తర్వాత తనే ముందు నవ్వారు.

ఇసుకలో గుండ్రంగా కూర్చుని కృతజ్ఞత ప్రార్థన చేశాం. చేయమని నన్నే అన్నారు. పేడనీళ్లు చల్లిన కోడలి కోసం, పద్మం వేసిన పిల్ల కోసం, బెల్లం పెట్టిన తల్లి కోసం, అందరి కోసం స్తుతించాను. నాన్న సైకిలు దాకా వచ్చేసరికి మా ఆయన నెమ్మదిగా, "ఇడ్లీలు చల్లారుతున్నాయి" అన్నారు. ఆమెన్ అన్నాం.

మొన్న పొద్దున్న ప్యాసింజరుకి రేపల్లె వెళ్లాను. గుమ్మంలో వదిన కోడలు పాల గిన్నె కడుగుతోంది.

"అత్తయ్యగారు లేరండి. ఎప్పుడో వెళ్లారు."

"ఎటు వెళ్లిందమ్మా?"

"ఏరో, కాలువో, స్టేషనో. ఇప్పుడావిడ చెప్పి వెళ్లే మనిషాండి? వీధిలో అడగండి."

సంచి అక్కడే పెట్టి, బూట్ల తాళ్లు బిగించి కట్టుకుని వీధిలోకి వచ్చాను. ఇస్త్రీ బండి దగ్గరాయన నన్ను చూసి, నేను నోరు తెరవకముందే చెయ్యెత్తి ఏటికట్ట వైపు చూపించాడు.